గ్రీకు దేవతల పుట్టుక: ఒకే దేవతకి ఇన్ని కథలెందుకు?

తుంగభద్ర

అందరికీ నమస్కారం. ఈమధ్య ప్రాచీన గ్రీకు కవులు హోమర్‌నీ హెసియొడ్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఒకచోట బండి ఆగిపోయింది. హెసియొడ్ ‘థియోగొని’లో ప్రేమదేవత ఆఫ్రొడైటీ సముద్రపు నురుగులోంచి పుడుతుంది, తల్లే లేదు. హోమర్ ‘ఇలియడ్’ ఐదో సర్గకి వస్తే ఆవిడకి డయోనీ అనే తల్లి ఉంది, తండ్రేమో దేవతల రాజు జ్యూస్. తెలివికీ యుద్ధానికీ దేవత ఎథీనా, వేట దేవత ఆర్టెమిస్‌ల దగ్గర కూడా ఇదే గొడవ.

అసలు కథ ఏది? ఏది ముందు, ఏది తర్వాత చేర్చింది? నెట్‌లో వెతికితే ‘రెండు వెర్షన్లు ఉన్నాయి’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తున్నారు. ఎందుకున్నాయో చెప్పేవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి.

పాతపుస్తకం

తుంగభద్ర గారూ, మంచి ప్రశ్న. చదవనివాళ్ళకి కూడా చర్చ అందేలా ముందు ఆ రెండు ఘట్టాలూ ఇక్కడ పెడతాను.

హెసియొడ్ కాలం క్రీ.పూ. 700 ప్రాంతం. ఆయన చెప్పిన కథలో ఆకాశ దేవుడు యురేనస్ బిడ్డల్ని బయటికి రానివ్వకుండా భూదేవి గయా కడుపులోనే అణిచిపెడతాడు. ఆ బాధ భరించలేక ఆమె ఒక పెద్ద కొడవలి చేసి కొడుకు క్రోనస్ చేతికిస్తుంది. రాత్రి యురేనస్ దగ్గరికి రాగానే మాటు వేసిన క్రోనస్ తండ్రి మర్మాంగాన్ని కోసి విసిరేస్తాడు. నేల మీద పడ్డ నెత్తుటి చుక్కల్లోంచి పగ తీర్చే ఎరీనీలూ, మహాకాయులూ పుడతారు. సముద్రంలో పడ్డ భాగం చాలాకాలం అలల మీద తేలుతూ పోతుంది. దాని చుట్టూ తెల్లని నురుగు కట్టి, అందులో ఒక అమ్మాయి పెరుగుతుంది. ముందు కితెరా దీవిని సమీపించి, తర్వాత సైప్రస్‌లో ఒడ్డెక్కుతుంది. ఆమె పాదాల కింద పచ్చిక మొలుస్తుంది.

ఇక హోమర్. ట్రాయ్ యుద్ధంలో కొడుకు ఈనియస్‌ని కాపాడబోయి ఆఫ్రొడైటీ గ్రీకు వీరుడు డయోమీడిస్ చేతిలో దెబ్బ తింటుంది. మణికట్టు దగ్గర ఈటె గుచ్చుకుంటుంది. కెవ్వుమని అరిచి కొడుకుని వదిలేసి, యుద్ధదేవుడు ఏరీస్ రథం అడిగి తీసుకుని దేవతలుండే ఒలింపస్ కొండకి పారిపోయి డయోనీ ఒడిలో పడుతుంది. డయోనీ రెండు చేతులతో ఆ గాయం తుడుస్తుంది. ‘ఓర్చుకో తల్లీ, మనుషుల చేతిలో దెబ్బలు తిన్న దేవతలు నువ్వొక్కదానివే కాదు’ అన్న ధోరణిలో పాత సంగతులు చెబుతుంది. ఏరీస్‌ని ఇద్దరు అన్నదమ్ములు కంచు జాడీలో 13 నెలలు బంధించిన కథ అక్కడే వస్తుంది.

ఇప్పుడు తేడా చూడండి. హెసియొడ్ దగ్గర ఆమె జ్యూస్ కంటే ముందు పుట్టింది. దేవతల రాజు ఇంకా పుట్టకముందే కామం అనే శక్తి లోకంలో ఉంది. హోమర్ దగ్గర ఆమె జ్యూస్ ఇంట్లో ఒక కూతురు, తండ్రి చిరునవ్వుతో ‘యుద్ధం నీ పని కాదమ్మా’ అని సర్దిచెప్పగల కూతురు. ఒకరు సృష్టిక్రమం చెబుతున్నారు, ఇంకొకరు ఒక కుటుంబాన్ని చూపిస్తున్నారు. నా మటుకు నేను ‘అసలు’ అనే మాటని పక్కన పెట్టి, ఎవరు ఏ అవసరానికి చెప్పారు అని అడుగుతాను.

లేపాక్షి

ఈ ప్రశ్న మన పురాణాల్లో ఒక శ్రోతే అడిగేశాడు. విష్ణు పురాణం మొదటి అంశంలో మైత్రేయుడు పరాశరుణ్ణి ఆపి అడుగుతాడు: లక్ష్మి అమృతమథనంలో పాలసముద్రంలోంచి పుట్టిందని వింటున్నాం కదా, మీరేమో భృగువుకీ ఖ్యాతికీ పుట్టిందంటున్నారు, అదెలా? పరాశరుడు చెప్పే జవాబు, ఆమె నిత్య, విష్ణువు ఎక్కడుంటే అక్కడ ఉంటుంది, ఆయన అవతారమెత్తినప్పుడల్లా తోడుగా పుడుతుంది అని. ఒకసారి భార్గవి, తర్వాత సముద్రతనయ, రాముడికి సీత, కృష్ణుడికి రుక్మిణి.

అంటే వైరుధ్యం కనబడింది, దాన్ని విప్పడానికి గ్రంథంలోనే ఒక దారి వేశారు. గ్రీకుల్లో ఇలాంటి ఏర్పాటు ఉందా?

పాతపుస్తకం

లేపాక్షి గారూ, మళ్ళీ మళ్ళీ పుట్టడం అనే ఏర్పాటు వాళ్ళ దేవతలకి లేదు. అందుకే వాళ్ళు వేరే పని చేశారు, దేవతనే ఇద్దరు చేశారు. ప్లేటో ‘సింపోజియం’లో పౌసేనియస్ అనే పాత్ర అచ్చంగా ఇదే వాదిస్తాడు: ఆఫ్రొడైటీలు ఇద్దరు. తల్లి లేకుండా యురేనస్‌కి పుట్టిన పెద్దావిడ యురేనియా, అంటే దివ్యమైనది. జ్యూస్‌కీ డయోనీకీ పుట్టిన చిన్నావిడ పాండెమోస్, అంటే జనానికంతటికీ చెందినది. పెద్దావిడ ప్రేమ ఉన్నతం, చిన్నావిడ ప్రేమ దేహం వరకే అని ఆయన మాట. జెనొఫన్ రాసిన ‘సింపోజియం’లో సోక్రటీస్ మాత్రం ఆఫ్రొడైటీ ఒకరా ఇద్దరా తనకి తెలియదంటాడు, ఇద్దరికీ వేర్వేరు బలిపీఠాలూ గుళ్ళూ ఉన్న మాట నిజమే అంటాడు.

తర్వాత రోమన్ రచయిత సిసిరో క్రీ.పూ. 45లో రాసిన ‘దేవతల స్వభావం’ గ్రంథంలో ఈ లెక్క ఇంకా పెరిగింది: వీనస్‌లు నలుగురు, మినర్వాలు ఐదుగురు, డయానాలు ముగ్గురు. ఆఫ్రొడైటీ, ఎథీనా, ఆర్టెమిస్‌లకి రోమన్లు పెట్టుకున్న పేర్లివి. ప్రతి పుట్టుక కథకీ ఒక్కో దేవత. అలా లెక్క పెట్టుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదని చూపించడానికే సిసిరో ఆ పట్టిక ఒక సంశయవాది నోట పెట్టాడు.

సముద్రఘోష

ఆఫ్రొడైటీ గురించి మాట్లాడుతూ తూర్పు వైపు చూడకపోతే సగం కథే చెప్పినట్టు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ స్పష్టంగా రాశాడు: ఆఫ్రొడైటీ యురేనియా గుళ్ళన్నిటిలోకీ పాతది సిరియా దేశపు అస్కలాన్‌లో ఉంది, సైప్రస్ గుడి దాన్నించే వచ్చిందని సైప్రస్ వాళ్ళే ఒప్పుకుంటారు, కితెరా గుడి కట్టింది తూర్పు తీరపు వర్తకులు ఫినీషియన్లు. హెసియొడ్ కథలో ఆమె ప్రయాణించిన దారి గుర్తు తెచ్చుకోండి, కితెరా, సైప్రస్. రెండూ సముద్ర వర్తకం జరిగే దీవులు. ఆవిడ ఒడ్డెక్కిన చోట్లు ఫినీషియన్ ఓడలు ఆగే చోట్లే.

సైప్రస్‌లో పాఫోస్ గుడి ఇంకో సాక్ష్యం. ఇప్పటి కూక్లియా ఊరు. అక్కడ పూజలందుకున్నది స్త్రీ విగ్రహం కాదు, పైకి పోను పోను సన్నబడే ఒక రాయి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ దాని ఆకారం వర్ణించి, ఎందుకలా ఉందో కారణం మాత్రం తెలియలేదన్నాడు. గ్రీకు శిల్పులు ఆఫ్రొడైటీని ఎంత అందంగా చెక్కినా, ఆవిడ సొంత ఊళ్ళో వందల ఏళ్ళు ఆ రాతికే మొక్కారు.

ఇంకొక ముఖ్యమైన విషయం. డయోనీ ఒడిలో ఏడ్చే ఘట్టానికి మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వాళ్ళ గిల్గమేష్ కావ్యం ఆరో పలకలో అచ్చు ఇలాంటిదే ఉంది. అక్కడి ప్రేమదేవత ఇష్తార్ రాజు గిల్గమేష్‌ని కోరుతుంది, అతను ఆమె పాత ప్రియుల గతి ఏమైందో ఏకరువు పెట్టి తిరస్కరిస్తాడు. అవమానంతో ఆమె స్వర్గానికి వెళ్ళి తండ్రి అను, తల్లి అంతు ముందు ఏడుస్తుంది. తండ్రి ‘నువ్వే రెచ్చగొట్టావు కదా’ అన్నట్టు మాట్లాడతాడు. ప్రేమదేవత, ఒక మనిషి చేతిలో పరాభవం, పైకి పరుగు, తల్లిదండ్రులు, మెత్తని మందలింపు, అంతా అదే వరస. పైగా అను పేరుకి స్త్రీ రూపం అంతు, జ్యూస్ పేరుకి స్త్రీ రూపం డయోనీ. పండితుడు వాల్టర్ బుర్కెర్ట్ ఈ పోలికని వివరంగా చూపించాడు. కాబట్టి నన్నడిగితే తల్లి ఉన్న కథా, తల్లి లేని కథా రెండూ తూర్పు నుంచే వచ్చాయి.

తుంగభద్ర

సముద్రఘోష గారూ, గిల్గమేష్ పోలిక నాకు పూర్తిగా కొత్త. మరి యురేనస్‌ని కోసిన కథ కూడా తూర్పుదేనా?

సముద్రఘోష

అవును. టర్కీలోని బోగజ్‌కోయ్ తవ్వకాల్లో అక్కడి పాత సామ్రాజ్యం హిట్టైట్ల మట్టిపలకలు దొరికాయి. వాటిలో కుమార్బి కథ ఉంది. అను ఆకాశ దేవుడు. కుమార్బి అతన్ని తరిమి, కాళ్ళు పట్టి లాగి, మర్మాంగాన్ని కొరికి మింగేస్తాడు. అతని కడుపులో తుఫాను దేవుడు పెరుగుతాడు. ఆకాశ దేవుడు, అతన్ని కోసేవాడు, ఆ తర్వాత వచ్చే తుఫాను రాజు, ఈ మూడు మెట్లూ యురేనస్, క్రోనస్, జ్యూస్‌లకి సరిపోతాయి. పలకలు హెసియొడ్ కంటే కొన్ని శతాబ్దాలు పాతవి.

కానీ ఒకటి గమనించండి. హిట్టైట్ కథలో ప్రేమదేవత అలా పుట్టదు. ఆ నెత్తుటి ఘట్టం చివర నురుగునీ, అమ్మాయినీ, పచ్చికనీ పెట్టింది గ్రీకులే.

కొండపల్లిబొమ్మ

సముద్రఘోష గారు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే పేచీ. ‘తూర్పు నుంచి వచ్చింది’ అనగానే పని అయిపోయినట్టు మాట్లాడతాం. డయోనీని ఇష్తార్ తల్లికి నకలు అనేస్తే డొడోనా ఏమవుతుంది? ఉత్తర గ్రీసు కొండల్లో డొడోనా గుడిలో జ్యూస్ పక్కన భార్యగా పూజలందుకున్నది డయోనీ. మామూలుగా ఆయన భార్య అని చెప్పే హీరా కాదు! ఓక్ చెట్టు ఆకుల చప్పుడు విని జోస్యం చెప్పే గుడి అది, హోమర్‌కి కూడా తెలుసు. అక్కడి భక్తుడికి డయోనీ ఏదో కావ్యం కోసం పుట్టించిన పాత్ర కాదు, ముడుపు కట్టే దేవత.

లీనియర్ బి అనే పాత గ్రీకు లిపి పలకల సంగతి కూడా చెప్పాలి. మైకేల్ వెంట్రిస్ 1952లో ఆ లిపిని ఛేదించాక హోమర్ కంటే చాలా ముందు, క్రీ.పూ. 13వ శతాబ్దం ప్రాంతంలో గ్రీకులు ఎవరికి నైవేద్యాలు పంపారో తెలిసింది. హీరా ఉంది, ఆర్టెమిస్ ఉంది, ఎథీనా అనదగ్గ పేరుంది, దివియా అనే దేవత ఉంది. ఆ పేరు కూడా జ్యూస్‌కి స్త్రీ రూపమే. అంటే జ్యూస్‌కి జంటగా అదే పేరున్న దేవత అనే ఆలోచన ఆ నేల మీద అప్పటికే ఉంది. ఆఫ్రొడైటీ పేరు మాత్రం ఇంతవరకు ఆ పలకల్లో కనబడలేదు. కూతురు ఓడ మీద వచ్చి ఉండవచ్చు, తల్లి మాత్రం స్థానికురాలే అని నేను నమ్ముతాను.

సముద్రఘోష

కొండపల్లిబొమ్మ గారూ, డొడోనా మాట ఒప్పుకుంటాను. అయితే డొడోనాలో డయోనీ ఉండటం వేరు, ఆవిడ ఒలింపస్‌లో ఆఫ్రొడైటీకి తల్లిగా కూర్చోవడం వేరు. ఆ సీన్ కోసం కవికి ఒక తల్లి కావలసి వచ్చింది. ‘ఇలియడ్’లో ఆ ఘట్టం దాటాక డయోనీ మళ్ళీ కనబడదు. దీని మీద మనిద్దరం ఏకాభిప్రాయానికి రాకపోయినా ఫరవాలేదు.

థేమ్స్‌తీరం

నేను లండన్‌లో ఉంటాను. బ్రిటిష్ మ్యూజియంలో, ఏథెన్స్‌లోని ఎథీనా గుడి పార్థినాన్ శిల్పాల ముందు చాలాసేపు కూర్చునే అలవాటు నాకు. ఈ చర్చకి నేరుగా సంబంధించిన రాయి అక్కడుంది.

పార్థినాన్ కట్టింది క్రీ.పూ. 447 నుంచి 432 వరకు. తూర్పు ముఖం మీది త్రికోణంలో ఎథీనా పుట్టుకని చెక్కారు. ఎడమ మూలలో సూర్యుడి గుర్రాలు తలలు పైకెత్తి సముద్రంలోంచి లేస్తుంటాయి. కుడి మూలలో చంద్రదేవత గుర్రం అలిసిపోయి కిందికి దిగుతుంటుంది. దాని ముక్కుపుటాలు ఉబ్బి ఉంటాయి, కళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి, బుగ్గ మీద నరాలు లెక్కపెట్టవచ్చు. కింది దవడ త్రికోణం అంచు దాటి బయటికి వేలాడేలా చెక్కారు. మధ్యలో ఉండాల్సిన జ్యూస్, ఎథీనా మాత్రం లేరు. తర్వాతి కాలంలో ఆ గుడిని చర్చిగా మార్చినప్పుడు మధ్య భాగం పోయింది. మాడ్రిడ్‌లో ఉన్న రోమన్ కాలపు బావి ఒర మీద ఇదే ఘట్టం ఉంది: కూర్చున్న జ్యూస్, పరుగెత్తే ఎథీనా, గొడ్డలితో వెనక్కి తగ్గుతున్న మనిషి. దాన్ని చూసి ఊహించుకోవాల్సిందే.

ఇక మన విషయం. అదే త్రికోణంలో ముగ్గురు స్త్రీలున్నారు, తలలు లేవు. ఒకావిడ ఇంకొకావిడ ఒళ్ళోకి వాలి హాయిగా పడుకుని ఉంది, తడిసిన పలచని బట్టలా ఒంటికి అంటుకున్న చీర మడతలు అన్నీ రాతిలోనే. చాలామంది పండితులు ఆ పడుకున్నావిడ ఆఫ్రొడైటీ అనీ, ఒడి ఇచ్చినావిడ డయోనీ అనీ గుర్తిస్తారు. అది సరైతే ఏథెన్స్ వాళ్ళు హోమర్ కథనే చెక్కించారు.

పార్థినాన్ పనులకి పెద్ద దిక్కు ఫీడియాస్. అదే ఫీడియాస్ ఒలింపియాలో జ్యూస్ మహా విగ్రహం చేశాడు. ఆ విగ్రహం పీఠం మీద సముద్రంలోంచి పైకొస్తున్న ఆఫ్రొడైటీనీ, ఆమెని అందుకుంటున్న ప్రేమదేవుడు ఎరోస్‌నీ చూపించారని యాత్రికుడు పౌసేనియస్ రాశాడు. ఇది ప్లేటో పాత్ర కాదు, క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసంతా తిరిగి ఊరూరి గుడి కథలు రాసినాయన. ఒకే శిల్పి చేతి కింద ఒకచోట తల్లి ఒడి, ఇంకోచోట సముద్రం. ఆయనకి అందులో ఇబ్బంది ఏమీ కనబడలేదు.

రాత్రిచదువరి

థేమ్స్‌తీరం గారి పోస్టు చదివి ఒళ్ళు పులకరించింది. ఎథీనా గురించి నేను రాస్తాను, ఈ దేవత మీద నాకున్న ఇష్టం అంతా ఇంతా కాదు.

అందరికీ తెలిసింది: జ్యూస్ తల బద్దలుకొట్టుకుని ఆయుధాలతో పుట్టింది. కానీ హెసియొడ్ కథ తల నుంచి మొదలవదు, మెటిస్ నుంచి మొదలవుతుంది. మెటిస్ జ్యూస్ మొదటి భార్య, దేవతల్లోనూ మనుషుల్లోనూ అందరికంటే తెలివైనది. ఆమెకి ముందు ఒక కూతురు, తర్వాత తండ్రిని దించి రాజయ్యే కొడుకు పుడతారని గయా, యురేనస్ హెచ్చరిస్తారు. జ్యూస్ తియ్యటి మాటలతో మాయచేసి గర్భవతిగా ఉన్న మెటిస్‌ని మింగేస్తాడు. అతని తండ్రి క్రోనస్ బిడ్డల్ని పుట్టాక మింగాడు, ఓడిపోయాడు. కొడుకు ఒక అడుగు ముందుకేసి తల్లినే మింగాడు, నెగ్గాడు. రాబోయే కొడుకు ఇక పుట్టడు. తెలివి రాజు కడుపులో ఉండి సలహా చెబుతూ ఉంటుంది. కూతురు తండ్రి తలలోంచి వస్తుంది.

హోమర్ మెటిస్ పేరెత్తడు. ఏరీస్ ఒకచోట తండ్రితో ‘ఆ పిల్లని నువ్వే కన్నావు కదా, అందుకే ఏమీ అనవు’ అని నిష్ఠూరమాడతాడు, అంతే.

ఇప్పుడు క్రీ.పూ. 458కి రండి. ఎస్కిలస్ ‘యూమెనిడీస్’ నాటకం. తల్లిని చంపిన ఒరెస్టిస్ మీద ఏథెన్స్‌లో విచారణ. అపోలో అతని తరఫున వాదిస్తూ, బిడ్డని కనేది నిజానికి తండ్రే, తల్లి ఆ విత్తనాన్ని పెంచేది మాత్రమే అంటాడు. సాక్ష్యంగా ఎవర్ని చూపిస్తాడు? ఎదురుగా ఉన్న ఎథీనాని! తల్లి లేకుండా పుట్టిందిగా. ఎథీనా కూడా నాకు తల్లి లేదు, నేను తండ్రి పక్షం అని ఒరెస్టిస్‌కే ఓటు వేస్తుంది. ఓట్లు సమానమై అతను బయటపడతాడు. హెసియొడ్ కథలో అయితే ఆమెకి తల్లి ఉంది, ఆ తల్లిని మింగేశారు. ఆ ఒక్క విషయం కోర్టులో ఎవరైనా ఎత్తి ఉంటే అపోలో వాదన నిలబడేదా? నాకు ఈ నాటకం చదివినప్పుడల్లా మెటిస్ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరే అని బాధగా ఉంటుంది.

జ్యూస్ తల చీల్చిన గొడ్డలి ఎవరి చేతిలో ఉందన్నది కూడా మారుతుంది. రోడ్స్ బాక్సర్ డయాగొరస్ కోసం క్రీ.పూ. 464లో కవి పిండార్ రాసిన పాటలో కమ్మరి దేవుడు హెఫేస్టస్ కంచు గొడ్డలితో కొడతాడు, ఎథీనా పెద్ద కేక వేస్తూ బయటికి దూకుతుంది, ఆకాశం, భూమి వణుకుతాయి. యూరిపిడీస్ నాటకం ‘అయాన్’లో పురుడు పోసింది ప్రొమీథియస్. కారణం ఒకటి కనబడుతుంది. హెసియొడ్ లెక్కలో ఎథీనా పుట్టుక మీద కోపంతోనే హీరా మగవాడి సాయం లేకుండా హెఫేస్టస్‌ని కన్నది. ఆ క్రమం పట్టుకుంటే ఎథీనా పుట్టేనాటికి హెఫేస్టస్ లేడు. హోమర్‌లాగా హెఫేస్టస్ జ్యూస్, హీరాల కొడుకే అనుకుంటే గొడ్డలి అతని చేతికి ఇవ్వవచ్చు. ఒక కథ మార్చితే పక్క కథ కదులుతుంది.

లేపాక్షి

పిండార్ రోడ్స్ వాళ్ళ కోసం రాశాడు కాబట్టి ఆ పాటలో రోడ్స్ వాటా ఉంటుందా?

రాత్రిచదువరి

ఉంది లేపాక్షి గారూ. ఎథీనా పుట్టబోతోంది, ముందుగా ఆమెకి బలిపీఠం కట్టండి అని సూర్యుడు రోడ్స్‌లోని తన కొడుకులకి చెబుతాడు. వాళ్ళు హడావుడిగా కొండెక్కి గుడి పెట్టారు, నిప్పు తీసుకెళ్ళడం మరిచిపోయారు. అందుకే అక్కడ నిప్పు లేని నైవేద్యాలు. అయినా జ్యూస్ వాళ్ళ మీద బంగారు వాన కురిపించాడు, ఎథీనా వాళ్ళకి చేతిపనుల నేర్పు ఇచ్చింది. ఊరి ఆచారానికీ, ఊరి శిల్పులకున్న పేరుకీ దేవత పుట్టినరోజు నుంచే కారణం దొరికింది.

ఆర్కేడియాలో అలిఫెయిరా అనే చిన్న ఊరు ఇంకా ముందుకెళ్ళింది. ఎథీనా మా ఊళ్ళోనే పుట్టి పెరిగింది అంటారని పౌసేనియస్ రాశాడు. పురిటి జ్యూస్‌కి బలిపీఠం కూడా ఉందట! లిబియాలో ట్రిటోనిస్ సరస్సు దగ్గర ఔసియన్లు చెప్పేది హెరొడోటస్ రాశాడు: ఎథీనా సముద్రదేవుడు పొసైడన్‌కీ ఆ సరస్సుకీ పుట్టిన కూతురు, తండ్రి మీద అలిగి జ్యూస్ దగ్గరికి వెళ్ళిపోతే ఆయన కూతురిగా స్వీకరించాడు. ఏటా జాతరలో అక్కడి అమ్మాయిలు రెండు జట్లుగా రాళ్ళతో, కర్రలతో కొట్టుకునేవారు. ఆ పోరుకి ముందు అందరికంటే అందమైనదానికి కొరింథ్ శిరస్త్రాణం, గ్రీకు కవచం తొడిగి రథం మీద సరస్సు చుట్టూ తిప్పేవారు.

పాతపుస్తకం

పుట్టుక కథ ఎంత అక్కరకొచ్చే ఆస్తో తెలియాలంటే ఆర్టెమిస్ దగ్గరికి రావాలి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం కవులది కాదు, ప్రభుత్వ రికార్డుకి దగ్గరగా ఉండేది.

మామూలు కథ: లీటో అనే దేవత కవల పిల్లలు అపోలో, ఆర్టెమిస్. పుట్టింది డెలోస్ దీవిలో. హోమర్ పేరు మీద ఉన్న అపోలో స్తోత్రంలో లీటో 9 పగళ్ళు 9 రాత్రులు నొప్పులు పడుతుంది. హీరా కావాలని పురిటి దేవత ఐలీథియాని పైనే ఆపుతుంది. మిగతా దేవతలు 9 మూరల బంగారు హారం ఆశ చూపి ఆమెని రప్పిస్తారు. లీటో ఖర్జూర చెట్టుని కావలించుకుని, మెత్తటి గడ్డిలో మోకాళ్ళూని అపోలోని కంటుంది. చిత్రమేమిటంటే అదే స్తోత్రం ఆర్టెమిస్ డెలోస్‌లో కాదు, ఒర్టీజియాలో పుట్టిందంటుంది. అపొలొడోరస్‌కి వచ్చేసరికి ఆర్టెమిస్ ముందు పుట్టి, తమ్ముడి పురుడు తానే పోసింది.

ఒర్టీజియా ఎక్కడ? డెలోస్ పాత పేరు అదే అన్నారు. సిసిలీలో సిరక్యూస్ వాళ్ళు తమ దీవి పేరే అది అన్నారు. ఎఫెసస్ వాళ్ళు మా ఊరి పక్కన తోపే ఒర్టీజియా అన్నారు.

క్రీ.శ. 22లో టైబీరియస్ చక్రవర్తి కాలంలో రోమ్ సెనేట్ ఒక విచారణ పెట్టింది. గ్రీకు ఊళ్ళలో గుడి ఆవరణలోకి పారిపోయి వచ్చినవాళ్ళని పట్టుకోకూడదనే హక్కు ఉండేది. అప్పులవాళ్ళూ, నేరస్తులూ, పారిపోయిన బానిసలూ గుళ్ళు నింపేస్తున్నారని ఫిర్యాదు. మీ హక్కుకి ఆధారాలు తెచ్చి చూపించండి అన్నారు. అందరికంటే ముందు వచ్చింది ఎఫెసస్ ప్రతినిధులు. వాళ్ళ వాదన టాసిటస్ రాశాడు: డయానా, అపోలో జనం అనుకుంటున్నట్టు డెలోస్‌లో పుట్టలేదు. మా దగ్గర కెంక్రియస్ నది ఉంది, ఒర్టీజియా తోపు ఉంది, ప్రసవ సమయంలో లటోనా (లీటో) ఆనుకున్న ఆలివ్ చెట్టు ఇంకా ఉంది.

సెనేట్ ముందు ఒక చెట్టుని సాక్ష్యంగా పెట్టారు! పుట్టిన చోటు రుజువైతే గుడి పాతదవుతుంది, గుడి పాతదైతే హక్కు నిలుస్తుంది. ప్రపంచ వింతల్లో ఒకటైన గుడి ఉన్న ఊరు కూడా ఆ కథ మీద అంత ఆధారపడింది. డెలోస్ వైపు పట్టుదల కూడా తక్కువది కాదు. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్ళు ఆ దీవిలో సమాధులన్నీ తవ్వించి తీసేశారు, ఇకపై దీవి మీద ఎవరూ చనిపోకూడదు, ఎవరూ ప్రసవించకూడదు, నిండు చూలాళ్ళనీ చావుకి దగ్గరైనవాళ్ళనీ పక్క దీవి రెనియాకి తరలించాలని కట్టడి చేశారు.

తుంగభద్ర

ఒకే పుస్తకంలో, ఒకే కవి దగ్గర రెండు కథలుంటే? అప్పుడు ఊరి వాదన కుదరదు కదా. థియోగొనిలో మోయిరాలు, అంటే విధిదేవతలు ముగ్గురూ ముందు రాత్రి కూతుళ్ళు అని ఉంది. చివర్లో జ్యూస్‌కీ థెమిస్‌కీ పుట్టారని ఉంది. పేర్లు కూడా అవే.

కొండపల్లిబొమ్మ

తుంగభద్ర గారూ, భలే పట్టుకున్నారు. కొందరు పండితులు అందులో ఒకటి తర్వాత ఎవరో చేర్చింది అంటారు. నాకైతే రెండూ కావాలనే ఉన్నాయనిపిస్తుంది. మొదటి జాబితాలో చావు, నిద్ర, నింద, ముసలితనం అన్నీ రాత్రి సంతానం. విధి అక్కడ గుడ్డి చీకటి. చివరికి జ్యూస్ రాజయ్యాక అతను ధర్మదేవత థెమిస్‌ని పెళ్ళాడతాడు. ఇప్పుడు అదే విధి అతని పాలన కింద, న్యాయానికి చెల్లెలుగా మళ్ళీ కనిపిస్తుంది. రాజ్యం మారితే దేవతల వంశం కూడా తిరగరాస్తారని హెసియొడ్ మన కళ్ళ ముందే చేసి చూపించాడు.

లేపాక్షి

పంటల దేవత డిమీటర్ గురించి ఒక్క మాట. ఆర్కేడియాలో చెప్పే కథలో కూతుర్ని వెతుక్కుంటూ తిరిగే డిమీటర్ పొసైడన్ నుంచి తప్పించుకోవడానికి ఆడగుర్రం అవుతుంది, అతను మగగుర్రమై వస్తాడు. వాళ్ళకి పుట్టిన కూతుర్ని డెస్పొయినా అంటారు, అంటే అమ్మగారు. ఆమె అసలు పేరు దీక్ష తీసుకోనివాళ్ళకి రాయడానికి భయపడుతున్నానని పౌసేనియస్ చెప్పేశాడు. ఫిగాలియా దగ్గర గుహలో డిమీటర్‌ విగ్రహానికి గుర్రం తల ఉండేదట. మనకి సంజ్ఞాదేవి గుర్రమై తిరగడం, సూర్యుడు గుర్రమై వెళ్ళడం, అశ్వినీదేవతలు పుట్టడం తెలుసు. ఈ పోలికని 19వ శతాబ్దం నుంచి పండితులు చర్చిస్తూనే ఉన్నారు. ఒకే మూలమా, విడివిడిగా పుట్టాయా అన్నది తేలలేదు గానీ, ఎలూసిస్ డిమీటర్‌కీ ఈ గుర్రపు డిమీటర్‌కీ మధ్య ఉన్న దూరం చూస్తే గ్రీకు పురాణం అనే ఒక్క పుస్తకం ఎప్పుడూ లేదని అర్థమవుతుంది.

థేమ్స్‌తీరం

పాతపుస్తకం గారు చెప్పిన ఐలీథియాకి కూడా పుట్టుక తగాదా ఉంది. అందరికీ పురుడు పోసే దేవతని ఎవరు కన్నారు? హెసియొడ్ జ్యూస్, హీరాల కూతురన్నాడు. క్రీట్ వాళ్ళు మా ఆమ్నిసోస్‌లో హీరాకి పుట్టిందన్నారు. డెలోస్ వాళ్ళు ఉత్తరాన హైపర్‌బోరియన్ల దేశం నుంచి లీటోకి సాయంగా వచ్చిందన్నారు. పాత కవి ఓలెన్ అయితే ఆవిడ క్రోనస్ కంటే పెద్దది అన్నాడట. క్రీట్ వాళ్ళ మాటకి మాత్రం గట్టి దన్ను దొరికింది. నొస్సోస్‌లో దొరికిన లీనియర్ బి పలక ఒకటి గుడి లెక్క: ఆమ్నిసోస్, ఎలూథియాకి, తేనె ఒక జాడీ. హోమర్ కూడా ‘ఒడిస్సీ’లో ఆమ్నిసోస్‌లో ఐలీథియా గుహ ఉందన్నాడు. ఆవిడ అక్కడ పుట్టిందో లేదో గానీ, హోమర్ కంటే 500 ఏళ్ళకి పైగా ముందే అక్కడ ఆవిడకి తేనె అందుతోంది.

తుంగభద్ర

అందరికీ చాలా థాంక్స్. ఇక నుంచి ఏ కథ చదివినా ఎవరు, ఏ ఊళ్ళో చెప్పారో పక్కన రాసుకుంటూ చదువుతాను. తర్వాత పౌసేనియస్ మొదలుపెడుతున్నాను. హెకటీ అనే దేవత మిగిలిపోయింది. హెసియొడ్ ఆమెని పెర్సెస్, ఆస్టీరియాల కూతురంటే కవి బకిలిడీస్ రాత్రి కూతురన్నాడు, ఆర్ఫిక్ సంప్రదాయంలో డిమీటర్ కూతురనే మాటా ఉంది. దానికి వేరే థ్రెడ్ తెరిచాను, రాత్రిచదువరి గారూ, కొండపల్లిబొమ్మ గారూ, మీరు ముందు అక్కడ రాయాలి.

రాత్రిచదువరి

వస్తున్నాను. హెసియొడ్ హెకటీని అంత పొడుగ్గా ఎందుకు పొగిడాడు, జ్యూస్ ఆమెకి భూమిలో, ఆకాశంలో, సముద్రంలో వాటా ఎందుకు ఇచ్చాడు అన్నదగ్గర్నుంచి మొదలుపెడదాం.